సాహిత్యమెరిగి మీటిన వీణ

సరస్వతీదేవి చేతిలో కచ్ఛపి, నారదుని చేతిలో మహతి, తుంబురుని చేతిలో కలావతి. మన పెద్దలు దేవగానాన్ని వీణ లేకుండా ఊహించలేదు. వీణావాదన తత్త్వాన్ని, శ్రుతి తాళాలను ఎరిగినవాడు ప్రయాస లేకుండానే మోక్షమార్గాన్ని చేరుతాడని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతున్నది. మాట లేని తంత్రి భగవన్నామాన్ని ఎలా పలుకుతుంది? కీర్తనను వీణపై వాయించే పద్ధతిని పరిశీలిస్తే సమాధానం దొరుకుతుంది.

నేటి సరస్వతీ వీణ రూపం 17వ శతాబ్దంలో తంజావూరును పాలించిన రఘునాథ నాయకుని కాలంలో స్థిరపడినదని ప్రసిద్ధి. దండిపై మైనంలో పొదిగిన 24 మెట్లు ఉంటాయి. స్థాయికి 12 చొప్పున అవి రెండు స్థాయిలకు సరిపోతాయి. మెట్లు స్థిరంగా ఉన్నందున రాగం మారినప్పుడల్లా వాటిని జరపవలసిన పని లేదు. వాయించే తంత్రులు నాలుగు, శ్రుతి తాళాల కోసం పక్కన మూడు. బొబ్బిలి సమీపాన గొల్లపల్లిలో కుండను, దండిని విడివిడిగా అతకక ఒకే పనస మ్రానును తొలిచి ఏకాండి వీణను చేస్తారు.

మెట్టుపై తంత్రిని నొక్కి మీటితే స్వరం మాత్రమే వస్తుంది. అదే మెట్టుపై తంత్రిని పక్కకు లాగితే పై స్వరాలు కూడా అఖండంగా పలుకుతాయి. రాగానికి ప్రాణమైన గమకం ఇదే. ఎడమ చేయి గమకాన్ని పలికిస్తే, కుడి చేతి మీటు అక్షరాన్ని పలికిస్తుంది. ‘నారాయణ’ అనే నామాన్ని తీసుకుందాం. ‘నా’ వద్ద ఒక మీటు. ఆ దీర్ఘం మూడు నాలుగు స్వరాలపై సాగినా మళ్ళీ మీటరాదు, ఎడమ చేయి దానిని నడిపించాలి. ‘రా’ వద్ద మరొక మీటు. సాహిత్యం తెలియక దీర్ఘం నడుమ మీటితే నామం విరిగిపోతుంది. స్వరాలు సరిగానే ఉంటాయి, కీర్తన మాత్రం వినిపించదు.

సంగీత త్రిమూర్తులలో ఒకరైన ముత్తుస్వామి దీక్షితులు స్వయంగా వైణికులు. విలంబ కాలంలో గమక గంభీరంగా సాగే ఆయన కృతులు వీణపై సహజంగా ఒదుగుతాయి. మన కాలానికి చేరువగా ద్రాక్షారామంలో జన్మించిన ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యులు కాకినాడకు చెందిన చిట్టిబాబు వీణ చేత పాడించిన మహనీయులు.

నేడు అనేక గృహాలలో వీణ మూలా నక్షత్రం నాడు పసుపు కుంకుమలు అందుకొని, మరునాడు గోడ పక్కకు చేరుతున్నది. వాయించని వీణ మౌనంగా ఉండటమే కాదు, క్రమంగా పాడవుతుంది. వేడికి మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి, తంత్రులు తుప్పు పడతాయి. ఒక్కొక్క స్థానాన్ని చెవితో సరిచూస్తూ మేళం కట్టగల పనివారు ఉన్నా, వీణలు వారి వద్దకు వెళ్ళకపోతే ఆ విద్య తరువాతి తరానికి అందదు.

కనుక పిల్లలకు వీణ నేర్పించేవారు ముందుగా కీర్తనను నోటితో పాడించి, అర్థం చెప్పి, ఆ పిమ్మట మీటించాలి. ఆలయ మండపంలో వీణ కచేరీ వినే భక్తులు తమకు తెలిసిన సాహిత్యాన్ని మనస్సులో అనుసంధించుకోవాలి. అప్పుడు వైణికుని వేలి కొనపై పలికిన నామం శ్రోత హృదయంలో పూర్తవుతుంది. శారదాదేవికి అదే నిజమైన అర్చన.