సర్వరులో వీడియో మార్పు - ఒక చిక్కు, దాని కారణము

గౌతమీ పాయకు ఇవతల ముక్తేశ్వరము, అవతల కోటిపల్లి. ఈ రేవులో పంటు ఎక్కి దిగిన తరముల జ్ఞాపకములను, 1996 నవంబరు 6వ తేదీనాటి తుఫాను రాత్రి సంగతులను ఐదుగురు పెద్దలచే చెప్పించి, సెల్‌ఫోనులలో చిత్రీకరించి కళాశాల వెబ్‌సైటున ఉంచవలెనని మేము తలపెట్టితిమి. చిత్రీకరణ సులువుగనే ముగిసినది. చిక్కు అంతయు సర్వరులో వచ్చినది. దాని కారణమును కమిటీ పెద్దలకును, తోడి విద్యార్థులకును విన్నవించుట ఈ వ్యాసోద్దేశము.

ఫోనులో తీసిన వీడియోను ఉన్నదున్నట్లు పెట్టరాదా యని కొందరడిగిరి. నేటి ఫోనులు పెక్కు 2013లో వెలువడిన హెచ్.265 పద్ధతిలో దృశ్యమును కుదించును. అది అన్ని బ్రౌజర్లలోను ఆడదు. 2003 నాటి హెచ్.264 దాదాపు అన్నిటను ఆడును. అందుచేత మార్పు అవసరము. ఆ పనిచేయు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అను ఉచిత సాధనమును 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ అను ఫ్రెంచి ప్రోగ్రామరు ప్రారంభించెను. మా సైటున పి.హెచ్.పి.లో వ్రాసిన చిన్న ప్రోగ్రాము ఫైలును అందుకొని, ఆ సాధనమునకు అప్పగించి, పిదప స్థలము కలిసివచ్చుటకై మూలఫైలును చెరిపివేయును. చెరిపివేయు ఆ ఒక్క వాక్యమును వ్రాసినది మేమే.

ఐదు ఫైళ్లను ఎక్కించితిమి. పేజీలో ఒక్కటియు కనబడలేదు. మా వద్దనున్న మరొక వీడియోతో అదే ఆజ్ఞను టెర్మినల్‌లో స్వయముగా టైపు చేయగా చక్కగా పనిచేసినది. ఇచ్చటనే చాలమంది తికమకపడుదురు. టెర్మినల్‌లో పని మన పేరిట జరుగును. వెబ్‌సర్వరు వేరొక వినియోగదారు పేరిట నడచును. దానికి మన అనుమతులు లేవు, మన పాత్ తెలియదు, మన భాషా అమరికయు లేదు. కనుక పరీక్షను ఆ వినియోగదారు పేరిటనే జరుపవలెను. సాధనము పలుకు దోష సందేశములను ఒక లాగ్ ఫైలులోనికి మళ్లించవలెను. ముగింపు సంఖ్యను చూడవలెను. సున్న యైన సఫలము. 127 యైన సాధనమే దొరకలేదని అర్థము. 137 యైన దానిని బలవంతముగా ఆపివేసినట్లు, సాధారణముగా మెమొరీ చాలక.

అట్లు మళ్లించి, తెలుగు పేరుగల మరొక ఫైలును ఎక్కించి చూడగా మా లాగ్‌లో కనబడినది 1. దానికి పైన, ఈ పేరుగల ఫైలు ఇదివరకే ఉన్నది, దానిపై వ్రాయవలెనా అను ప్రశ్న. జవాబు చెప్పుటకు సర్వరు ముందు ఎవరు కూర్చుందురు? మౌనమును వద్దనుటగా గ్రహించి సాధనము విరమించుకొన్నది.

ఐదు ఫైళ్లకు ఐదు పేర్లుండగా ఒకే పేరు ఎట్లు వచ్చెను? మేము మూడింటికి తెలుగు లిపిలోను, రెండింటికి ఉర్దూ లిపిలోను పేర్లు పెట్టితిమి. (తుఫాను అను మాట రెండు భాషలకును ఉమ్మడి సొత్తు, లిపియే వేరు.) పి.హెచ్.పి. కొన్ని వెర్షన్లలో, పేరును ఆజ్ఞలో సురక్షితముగా ఇమిడ్చు ఫంక్షను, భాషా అమరిక 'సి' అయియున్నచో ఇట్టి అక్షరములను సద్దు లేకుండ రాల్చివేయును. పేర్లన్నియు రాలిపోగా మిగిలినది ఒక చుక్కయు, ఎం.పి.4 అను తోకయు. చుక్కతో మొదలగు ఫైలును లినక్సు జాబితాలో చూపక దాచియుంచును. కావున మొదటి వీడియో సిద్ధమై యుండియు మా కంటబడలేదు. తక్కిన నాలుగును ఆ పేరుకే వచ్చి ఢీకొని వెనుదిరిగినవి. వాని మూలఫైళ్లను మా ప్రోగ్రాము, ముగింపు సంఖ్యను చూడకయే, చెరిపివేసినది.

మూడు ఫోనులలో మిగిలియుండెను. నాలుగవది లేదు. ఆ పెద్దాయన మమ్ము ఒక్క మాటయు అనక, అరుగుపై కూర్చుండి మరల చెప్పెను. కాని మొదటిసారి పంటు కట్టిన త్రాడును గూర్చి చెప్పిన ముచ్చట రెండవసారి రాలేదు. అడిగితిమి, గుర్తులేదు నాయనా అనెను.

ఇప్పుడు ఫైళ్లకు సంఖ్యలే పేర్లు. శీర్షికలు డేటాబేసులో తెలుగు, ఉర్దూ లిపులలో ఉన్నవి. భాషా అమరికను యు.టి.ఎఫ్.-8 కు మార్చితిమి. ముగింపు సంఖ్య సున్న అయి, కొత్త వీడియో నిడివి పాతదానితో సరిపోయినగాని మూలఫైలు చెరుగదు.