బూజు పట్టిన పండులో బంగారు రసం

ద్రాక్షతోటలో బూజు కనిపిస్తే రైతు గుండెల్లో రాయి పడినట్టే. కానీ ఫ్రాన్స్‌లో, బోర్డో నగరానికి ఆగ్నేయంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న సోటెర్న్ ప్రాంతపు రైతులు ఏటా శరత్కాలంలో ఆ బూజు కోసమే కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తారు. పండు పక్వానికి వచ్చినా కోయరు. తోలు ముడతలు పడి, రంగు గోధుమకూ ఊదాకూ మధ్యకు తిరిగి, పైన బూడిదరంగు నూగు వచ్చేదాకా తీగకే వదిలేస్తారు. చూసినవాళ్లెవరైనా పారేయమనే పండు అది. దాని రసంతో చేసే వైన్‌ది మాత్రం ప్రపంచంలోని అత్యంత ఖరీదైన తీపి వైన్ల వరస. ఇక్కడి షాతో దికెమ్ తోటలో 1811లో తయారైన సీసా ఒకటి 2011లో 75,000 పౌండ్లకు అమ్ముడుపోయింది. తెల్ల వైన్లలో అప్పటికి అదే రికార్డు.

ఇంత విలువ తీపికి వచ్చింది కాదు. తీపి కావాలంటే ఏ ద్రాక్షరసంలోనైనా పంచదార కలుపుకోవచ్చు. ఒక వాగు, ఒక శిలీంధ్రం, ఒక ఈస్ట్ వరసగా చేసిపెట్టిన పని ఈ వైన్‌లో ఉంది. దాన్ని రుచి చూడడమంటే ఆ మూడింటి పనినీ ముక్కుతో, నాలుకతో గుర్తుపట్టడమే.

పొద్దున మంచు, మధ్యాహ్నం ఎండ

సోటెర్న్, బార్సాక్, బోమ్, ఫార్గ్, ప్రేన్యాక్ అనే ఐదు ఊళ్ల తోటలకే సోటెర్న్ పేరు పెట్టుకునే హక్కుంది. ఈ తోటల పక్కగా సిరాన్ అనే చిన్న ఏరు పారుతుంది. ఊటనీరు, పైగా దారి పొడవునా చెట్ల నీడ. అందుకే దాని నీళ్లు ఎప్పుడూ చల్లగా ఉంటాయి. బార్సాక్ దగ్గర ఆ చల్లని నీరు వెచ్చని గరోన్ నదిలో కలుస్తుంది. శరత్కాలపు రాత్రుల్లో అక్కడ పొగమంచు లేచి తెల్లవారేసరికి తోటలన్నిటినీ కమ్మేస్తుంది. ఆ తేమలో బొట్రైటిస్ సినేరియా అనే శిలీంధ్రపు బీజాలు ద్రాక్షతోలు మీద మొలకెత్తుతాయి. మధ్యాహ్నానికి ఎండ వచ్చి మంచు విడిపోతుంది. గాలి పొడిబారుతుంది. బూజు హద్దు మీరకుండా ఆగుతుంది.

ఈ రెండూ కుదిరితేనే పని జరుగుతుంది. ముసురు పట్టి వానలు వదలకపోతే అదే శిలీంధ్రం గుత్తి మొత్తాన్నీ కుళ్లబెట్టేస్తుంది. స్ట్రాబెర్రీలను, గులాబీలను పాడుచేసే బూడిదరంగు బూజు కూడా ఇదే. ఉత్తర భారతంలో, నేపాల్‌లో, బంగ్లాదేశ్‌లో శనగ పైరును దెబ్బతీసే తెగులూ ఇదే. దాన్ని తట్టుకునే శనగ రకాల కోసం మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరిశోధనలు చేశారు. ఒక చోట శత్రువైన జీవి సోటెర్న్‌లో మాత్రం, అదీ వాతావరణం అనుకూలించిన ఏడాదిలో మాత్రమే, మిత్రుడవుతుంది.

తోలు కింద ఏం జరుగుతుంది?

ఇక్కడి ప్రధాన ద్రాక్ష సెమియోన్. తోలు పల్చన. శిలీంధ్రపు సన్నని పోగులు ఆ తోలులోకి చొచ్చుకుపోయి, ఎంజైములతో కణాల గోడలను వదులు చేస్తాయి. పండు పగలదు, రసం కారదు. కంటికి కనిపించని ఆ దారుల గుండా నీరు మాత్రం ఆవిరై పోతూ ఉంటుంది. మామూలు పండిన ద్రాక్షరసంలో లీటరుకు దాదాపు 200 గ్రాముల చక్కెర ఉంటే, ఈ ముడతలు పడిన పండ్ల రసంలో 350 గ్రాముల దాకా చేరుతుంది.

ఎండుద్రాక్షలోనూ నీరు పోయి తీపి చిక్కబడుతుంది కదా అనిపించవచ్చు. అక్కడ జరిగేది ఎండడం ఒక్కటే. ఇక్కడ శిలీంధ్రం పండును తింటూ దాని రసాయనాన్నే మార్చేస్తుంది. చక్కెరలో కొంత, టార్టారిక్ ఆమ్లంలో ఇంకా పెద్ద వాటా తనే ఖర్చు చేసుకుని, బదులుగా గ్లిసరాల్, గ్లూకోనిక్ ఆమ్లం వంటివి వదులుతుంది. కొత్త వాసనలకు మూలపదార్థాలు కూడా ఈ దశలోనే పెరుగుతాయి.

గుత్తిలోని పండ్లన్నిటికీ బూజు ఒకేసారి పట్టదు. అందుకని కోతకు యంత్రాలు పనికిరావు. కోసేవాళ్లు గుత్తిని చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తారు. ముడుచుకుపోయిన పండ్లను చిన్న కత్తెరతో వేరుచేసి, ఇంకా పసుపుపచ్చగా నిండుగా ఉన్నవాటిని తీగకే వదిలేస్తారు. పులిసిన వాసన వచ్చే పండును అక్కడే పారేస్తారు. కొన్ని రోజులాగి మళ్లీ అదే వరసలోకి వస్తారు. ఇలా ఒకే తోటను ఐదారుసార్లు కోయడం మామూలే. చట్టం ప్రకారం హెక్టారుకు 2,500 లీటర్లకు మించి తీయకూడదు. షాతో దికెమ్‌లో అంత కూడా రాదు. ఒక తీగ నుంచి వచ్చేది ఒక్క గ్లాసు వైనే. వాతావరణం మొండికేసిన 1992, 2012 సంవత్సరాల్లో ఆ ఎస్టేట్ తన పేరుతో తీపి వైన్ విడుదల చేయనే లేదు.

ఈస్ట్ చేతులెత్తేసే చోటు

మామూలు వైన్‌లో ఈస్ట్ చక్కెరనంతా ఆల్కహాల్‌గా మార్చేసేదాకా పనిచేస్తుంది. ఇక్కడ దానికి రెండు వైపుల నుంచీ ఒత్తిడి. ఒక పక్క చిక్కటి చక్కెర దాని కణాల్లోని నీటిని బయటికి లాగుతుంది. మరో పక్క తాను తయారుచేసిన ఆల్కహాలే తనకు విషమవుతుంది. ఆల్కహాల్ 13, 14 శాతానికి చేరేసరికి ఈస్ట్ మందగిస్తుంది. తయారీదారులు సల్ఫర్ డయాక్సైడ్ కలిపి పులియడాన్ని అక్కడితో ఆపుతారు. లీటరుకు 120 నుంచి 150 గ్రాముల చక్కెర అలాగే మిగిలిపోతుంది. ఆ తర్వాత ఓక్ పీపాల్లో ఏడాదికి పైగా, కొన్నిచోట్ల రెండు మూడేళ్లు నిలవ ఉంచుతారు.

కూల్‌డ్రింకుల్లో లీటరుకు సుమారు 105 గ్రాముల చక్కెర ఉంటుంది. సోటెర్న్‌లో అంతకంటే ఎక్కువే ఉన్నా మంచి సోటెర్న్ మొహం మొత్తదు. కారణం పులుపు. శిలీంధ్రం కొంత ఆమ్లాన్ని తినేసినా, నీరు పోవడంతో మిగిలిన ఆమ్లమూ చిక్కబడింది. ఆ పులుపు తీపిని కోసేస్తూ నోట్లో నీళ్లూరిస్తుంది. అందుకే రుచి తెలిసినవాళ్లు ఈ వైన్ ఎంత తీయగా ఉందని అడగరు, తీపికి తగ్గ పులుపు ఉందా అని చూస్తారు.

మెంతులు, బెల్లం, సోటోలాన్

తేనె, ఆప్రికాట్, చక్కెరపాకంలో ఊరిన నారింజ తొక్క. సోటెర్న్‌లో రుచిచూసేవాళ్లు తరచుగా చెప్పే వాసనలివి. పంపరపనసను తలపించే వాసన గంధకం ఉన్న థయాల్ అణువులది. బొట్రైటిస్ పట్టిన పండ్లలో ఆ అణువుల మూలపదార్థాలు బాగా పెరుగుతాయని బోర్డో పరిశోధకులు గుర్తించారు.

తెలుగువారికి పుట్టినప్పటి నుంచీ తెలిసిన అణువు కూడా ఒకటి ఇందులో ఉంది. దాని పేరు సోటోలాన్. మెంతులకు ఆ ప్రత్యేకమైన వాసన ఇచ్చేది ఇదే. శుద్ధి చేయని చెరకు చక్కెర కమ్మదనంలోనూ దీని పాత్ర ఉంది. ఎక్కువ మోతాదులో మెంతులను, మసాలాలను తలపిస్తుంది. తక్కువ మోతాదులో మాడీ మాడని పాకం వాసన, మేపుల్ సిరప్ వాసన వేస్తుంది. లీటరులో మైక్రోగ్రాముల్లో ఉన్నా మన ముక్కు పసిగట్టేస్తుంది. 2005 నుంచి న్యూయార్క్ నగరాన్ని అప్పుడప్పుడూ మేపుల్ సిరప్ వాసన కమ్మేసి జనాన్ని కంగారుపెట్టింది. అది పక్కనున్న న్యూజెర్సీలో మెంతులతో సువాసన ద్రవ్యాలు చేసే కర్మాగారం నుంచి వస్తోందని 2009లో తేలింది. బొట్రైటిస్ పట్టిన ద్రాక్షతో చేసిన వైన్లలోనూ ఇదే అణువు ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ వైన్‌లో దాని పాలు పెరుగుతుంది.

గ్లాసు చేతికొచ్చాక

ముందు చల్లదనం చూసుకోవాలి. 10 నుంచి 12 డిగ్రీలు సరిపోతుంది. నాలుక కణాల్లో తీపి సంకేతాన్ని మెదడుకు చేరవేయడంలో పనిచేసే టీఆర్‌పీఎం5 అనే మార్గం వేడికి చురుగ్గా, చలికి మందకొడిగా ఉంటుంది. వైన్ వెచ్చబడితే తీపి మిగతా రుచులను తొక్కేస్తుంది. మరీ గడ్డకట్టేంత చల్లగా ఉంటే వాసనలు పైకి లేవవు.

తర్వాత రంగు. కొత్త వైన్ లేత బంగారంలా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ముదిరి కాషాయంలోకి, గోధుమలోకి తిరుగుతుంది. గ్లాసును తిప్పి ఆపితే లోపలి గోడ మీద చుక్కలు చారలుగా దిగుతాయి. అవి తీపి వల్లనో చిక్కదనం వల్లనో వస్తాయని చాలామంది నమ్మకం. అసలు కారణం ఆల్కహాల్. గోడకంటిన పల్చటి పొర నుంచి ఆల్కహాల్ త్వరగా ఆవిరవుతుంది. అక్కడ తలతన్యత పెరిగి కింది ద్రవాన్ని పైకి లాగుతుంది. బరువెక్కాక అది చారలుగా జారుతుంది. 1855లో ఈ సంగతి వివరించినవాడు జేమ్స్ థామ్సన్, లార్డ్ కెల్విన్ అన్నగారు. సోటెర్న్ వైన్లకు అధికారికంగా శ్రేణులు నిర్ణయించి, షాతో దికెమ్ ఒక్కదాన్నే అన్నిటికంటే పైన నిలబెట్టిందీ అదే ఏడాది.

రంగు చూసి రుచిని ముందే తేల్చుకోకూడదు. బోర్డోలో జరిగిన ఒక ప్రయోగంలో 54 మందికి తెల్ల వైన్‌లోనే వాసన లేని ఎర్రరంగు కలిపి ఇచ్చారు. వాళ్లు దాని వాసనను ఎర్ర వైన్లకు వాడే మాటలతో వర్ణించారు. 2001లో అచ్చయిన ఆ పరిశోధన కంటి మాట ముక్కు ఎంత తేలిగ్గా నమ్ముతుందో చూపించింది. దాని రచయితల్లో ఒకరైన డెనీ డ్యుబోర్డ్యు స్వయంగా బార్సాక్‌లో తీపి వైన్ చేసిన కుటుంబంవారు.

గుక్క చిన్నది చాలు. నోట్లో కాసేపు ఉంచి, పెదవుల మధ్య నుంచి కొంచెం గాలి పీల్చాలి. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి మాత్రమే. తేనె, నారింజ, మెంతి అన్న తేడా గొంతు వెనక నుంచి ముక్కులోకి వెళ్లే ఆవిరి చెప్పాలి. మింగాక ఆ వాసన ఎంతసేపు నిలిచిందో గమనించండి. మంచి సోటెర్న్‌లో తీపి ముందు తప్పుకుంటుంది, పరిమళం వెనక మిగులుతుంది.

వైన్ కంటే తీయనైన పదార్థం పక్కన పెట్టకూడదు. లడ్డూ తిన్నాక తాగిన టీ చప్పబడ్డట్టే, వైన్‌లో పులుపు ఒక్కటే తేలుతుంది. ఫ్రెంచివారు దీనికి జోడీగా రోక్‌ఫోర్ అనే ఉప్పటి జున్ను తింటారు. దానిలోని నీలి చారలు కూడా ఒక శిలీంధ్రం పనే.

14 శాతం ఆల్కహాల్ ఉన్న ఏ పానీయమూ ఆరోగ్యానికి టానిక్ కాదు. సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. తాగే అలవాటున్నవాళ్లకైనా ఇది చిన్న గ్లాసుతో నెమ్మదిగా ముగించాల్సిన వైన్. తాగనివాళ్లకు ఇందులోని శాస్త్రం అందకుండా పోదు. ముదురు రంగు బెల్లం ముక్కను ముక్కు మూసుకుని నోట్లో వేసుకోండి, ఉత్త తీపే తెలుస్తుంది. ముక్కు వదలండి, బెల్లం తెలుస్తుంది. రుచిలో సింహభాగం వాసనదే. ఈ పరీక్ష ఇంట్లో పిల్లలతో తప్పక చేయించండి.