లెక్కల యంత్రమునకు నేల నెన్నుకొనుట



తెనాలి జంక్షనులో రేపల్లె బండికొరకు కాచియుండగా ఒక వృద్ధరైతు నన్నొక ప్రశ్న యడిగెను. "నాయనా, ఇక్కడ కిటికీకడ నేనును, బాపట్లలో మా వియ్యంకుడును ఒకే క్షణమున ఒకే బండికి టిక్కె టడిగితి మనుకొందము. మిగిలినది ఒక్క బెర్తు. అది ఇద్దరికిని వ్రాసి యీయకుండ యంత్రమును కాచువా రెవరు?" నేనాతనికి చెప్పిన సమాధానమే నేటి ప్రసంగము.

ఆ లెక్క తెనాలిలోను లేదు, బాపట్లలోను లేదు. ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు అను ఐదు చోట్ల నెలకొల్పిన పెద్ద యంత్రములలో నుండును. అట్టి యంత్రమును సర్వరందురు. అందులో లెక్కలు చూచు గుమాస్తా డేటాబేసు. ఒకరికి బెర్తు వ్రాయుచుండగా రెండవవారిని క్షణకాలము నిలిపి యుంచునది అదియే. ఈ గుమాస్తాకు కూర్చుండ చోటును, వ్రాయ పుస్తకమును ఇచ్చి, ఎవరిని లోనికి రానీయవలయునో చూచు ఇంటి పెత్తనదారు మరియొకడు కలడు. వానినే ఆపరేటింగ్ సిస్టం అందురు. విండోసు, లినక్సు, యూనిక్సు, ఓపెన్ వి.ఎం.ఎస్. అనునవి అట్టివి.

వీనిలో నేది మేలని పలువు రడుగుదురు. బాపట్ల తీరపు ఇసుకనేలలో వేరుసెనగ పండును. తెనాలి చెంత కాలువల క్రింది నల్లరేగడిలో వరి పండును. పైరు చెప్పక నేల నడుగుట వ్యర్థము. ముందుగా డేటాబేసును నిశ్చయించుకొని, దానిని చేసినవారు ఏ నేలపై నడిపింతుమని పూచీ పడిరో చూడవలయును. మైక్రోసాఫ్టువారి డేటాబేసు చాలకాలము విండోసుపైననే నడచెను. 2017 నుండి లినక్సుపై సైతము నడచుచున్నది. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ అనునవి పలు నేలలపై నడచును.

పిమ్మట పెత్తనదారుని నమ్మకము చూడవలయును. మన వర్తకుడు బేరము కుదిరినంతనే చిట్టాలో వ్రాసి, తరువాత ఆవర్జా కెక్కించును. నడుమ దీప మారినను చిట్టా చూచి సరిదిద్దుకొనును. డేటాబేసు చేయు పనియు నిదియే. కాని "చిట్టా డిస్కు కెక్కినదా?" యని అది యడిగినపుడు ఆపరేటింగ్ సిస్టం నిజము చెప్పవలయును. వ్రాత తప్పినచో లినక్సు ఆ మాట నొకసారి చెప్పి, మరల నడిగినపుడు అంతయు సరిగా నున్నదని చెప్పుట కలదని 2018లో పోస్ట్‌గ్రెసు పనివారు కనుగొనిరి. మొదటి తప్పు వినగానే పని నిలిపి చిట్టా చూచుకొనునట్లు 2019లో దానిని మార్చిరి. ప్రసిద్ధమైనదానిని గూడ పరీక్షింపక నమ్మరాదు. రేపల్లె చెంత నొక ధాన్యపుకొట్టులో కరెంటు పోయి ఒకనాటి తూకము లన్నియు కంప్యూటరునుండి మాయమగుట నేను చూచితిని. గుమాస్తా కాగితముపైన గూడ వ్రాసియుండెను గనుక రైతుల సొమ్ము దక్కెను.

మూడవది, కాచువారు. లినక్సునకు వెల లేదు. దానిని నడుపుట తెలిసినవారి జీతమునకు వెల కలదు. మన చేతిక్రింది మనిషికి తెలిసిన నేలయే మనకు చవుక. అర్ధరాత్రి యంత్ర మాగినపుడు వచ్చువా డెవడో ముందే తెలిసి యుండవలయును.

నాలుగవది, బయటపడు దారి. దీనికి రైల్వేవారి కథయే దృష్టాంతము. 1985లో ఢిల్లీలో యంత్రముపై రిజర్వేషను ఆరంభమాయెను. దేశమంతటికి పనికివచ్చు కాన్సర్ట్ అను ఏర్పాటు 1994లో సికింద్రాబాదున మొదలాయెను. దానికి నేల ఓపెన్ వి.ఎం.ఎస్. డిజిటల్ అను అమెరికా కంపెనీ 1977లో వెలువరించిన దది. పలు యంత్రములను ఒక జట్టుగా కట్టి, ఒకటి చెడినను తక్కినవి పని సాగించునట్లు చేయుట దాని ప్రసిద్ధగుణము. రేయింబవళ్లు టిక్కెట్లీయవలసిన వారికి అది మంచి యెంపికయే. కాని ఆ కంపెనీని 1998లో కాంపాక్ కొనెను. కాంపాక్‌ను 2002లో హ్యూలెట్ పాకర్డ్ కొనెను. రైల్వేవారి ఏర్పాటు నడచుచున్న ఇటానియం యంత్రములను ఇంటెల్ 2021లో పంపుట మానెను. పాత ఏర్పాటు మార్చి, నిముషమునకు లక్షకు మించిన టిక్కెట్లు వ్రాయగల క్రొత్తది సిద్ధపరచుచున్నట్లు 2025లో రైల్వేశాఖ తెలిపెను. ఎంపిక మంచిదైనను దాని క్రింది నేల కదలును. కావున లెక్క లన్నియు ఇతర యంత్రములు చదువగల రూపములో ప్రతి తీసి వేరుచోట దాచవలయును. ఆ ప్రతిని ఏటికొకసారియైనను మరియొక యంత్రముపై తెరచి చూడవలయును.

ఇదంతయు విని ఆ వృద్ధుడు తల యూచి, "అయితే నాయనా, పొలము కొనువాడు ముందు డొంక చూడవలె నన్నమాట" అనెను. అంతకంటె బాగుగా నేను చెప్పలేను. మీ సంఘమున కైనను, మిల్లున కైనను ఎవరేని లెక్కల యంత్రము తెచ్చి యమ్మజూపినచో, దాని వేగ మడుగుటకు ముందు ఆ డొంక యెక్కడ నున్నదో అడుగుడు.