చుక్కలో సృష్టిని చూసిన రజా

జామెట్రీ బాక్సు ఉన్న ప్రతి విద్యార్థీ చుక్క పెట్టగలడు. వృత్తం, త్రిభుజం, చతురస్రం గీయగలడు. మరి అవే ఆకారాలను చిత్రించిన సయ్యద్ హైదర్ రజాను ప్రపంచం గొప్ప చిత్రకారుడని ఎందుకు మెచ్చుకుంది? దీనికి జవాబు ఆయన జీవితంలోనే ఉందని మేము భావిస్తున్నాం.

రజా 1922 ఫిబ్రవరి 22న నేటి మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లా బాబరియా గ్రామంలో జన్మించారు. తండ్రి అటవీశాఖ ఉద్యోగి. బడిలో రజాకు పాఠం మీద ధ్యాస నిలిచేది కాదు. ఒకరోజు ఉపాధ్యాయుడు గోడ మీద ఒక చుక్క పెట్టి, మిగతావన్నీ మరచి దాన్నే చూడమన్నారు. ఆ చుక్క పిల్లవాడి మనసులో నాటుకుపోయింది.

అయితే అది చిత్రంగా మొలకెత్తడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. నాగపూర్‌లోను, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లోను రజా చిత్రకళ నేర్చుకున్నారు. 1947లో ఎఫ్.ఎన్. సౌజా, ఎం.ఎఫ్. హుసేన్ తదితరులతో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపును స్థాపించారు. 1950లో ఫ్రాన్సు వెళ్లి, అక్కడి ఊళ్లను, ఇళ్లను, చర్చిలను చిత్రించారు. 1956లో ‘ప్రీ ద లా క్రిటిక్’ బహుమతి లభించింది. పేరు వచ్చింది గాని తృప్తి కలగలేదు. తన చిత్రాల్లో తన దేశం ఏదని ప్రశ్నించుకున్నారు. 1970ల్లో పలుమార్లు భారతదేశం వచ్చి పర్యటించారు. 1980 ప్రాంతంలో ఆనాటి చుక్కే ‘బిందు’వై ఆయన చిత్రాలకు కేంద్రమైంది.

గణితంలో బిందువుకు పొడవు, వెడల్పు ఉండవు. రజా బిందువు మాత్రం పెద్ద నల్లని వృత్తం. ఆయన దృష్టిలో అది విత్తనం. విత్తనంలో చెట్టు దాగినట్లే నలుపులో అన్ని రంగులూ దాగి ఉన్నాయని ఆయన నమ్మకం. నలుపు, తెలుపు, ఎరుపు, పసుపు, నీలం పంచభూతాలకు గుర్తులు. పైకి చూసే త్రిభుజం పురుషుడికి, కిందికి చూసే త్రిభుజం ప్రకృతికి సంకేతాలు. అందుకే ఆయన చిత్రాన్ని చూసేటప్పుడు ముందుగా నడిమి బిందువుపై చూపు నిలపాలి. తర్వాత మెల్లగా చుట్టూ ఉన్న వలయాల్లోకి సాగాలి. అప్పుడు కదలని ఆకారాలు కదులుతున్నట్లు తోస్తాయి.

దాదాపు 60 ఏళ్లు ఫ్రాన్సులో గడిపి, 2010 చివర రజా స్వదేశం చేరారు. 2016 జూలై 23న ఢిల్లీలో కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు మండ్లాలో తండ్రి సమాధి పక్కనే ఖననం చేశారు.

వృత్తం గీయడానికి ఒక్క నిమిషం చాలు. అందులో ఒక జీవితం ఇమడ్చడానికి రజాకు అర్ధశతాబ్దం పట్టింది. ధ్యాస నిలవని పిల్లవాడిని చదువు రానివాడని వదిలేయకుండా, చూపు నిలపడం నేర్పిన ఆ పల్లెటూరి ఉపాధ్యాయుడికి కూడా ఆ కీర్తిలో భాగముందని మేము నమ్ముతున్నాం.