పోరు వార్తల్లో స్త్రీల సాక్ష్యం

యుద్ధవార్తకు ఒక మూస ఉంది. చనిపోయినవాళ్ళ లెక్క, చేతులు మారిన ఊరి పేరు, సైనికాధికారి ప్రకటన, అవతలి పక్షం ఖండన. ఈ నాలుగూ దొరికితే వార్త పూర్తయినట్టే. దాడికి ముందు ఏళ్ళ తరబడి అక్కడ ఏం నలుగుతూ వచ్చిందో, కాల్పులు ఆగాక ఆ ఊళ్ళో ఎవరెలా బతుకుతున్నారో అందులో ఇమడదు. నార్వే పండితుడు యోహాన్ గాల్టుంగ్ తప్పుపట్టింది దీన్నే. 1965లో ఆయన, మారి హోల్మ్‌బో రూగె అనే పరిశోధకురాలు కలిసి కాంగో, క్యూబా, సైప్రస్ సంక్షోభాలను నార్వే పత్రికలు ఎలా రాశాయో ఒక వ్యాసంలో పరిశీలించారు. ఏది వార్త అవుతుంది, ఏది కాకుండా పోతుంది అన్న చర్చకు ఆ వ్యాసం ఇప్పటికీ పునాది.

తర్వాతి కాలంలో గాల్టుంగ్ వార్తారచనను ఒక పట్టికలో రెండుగా విడదీశారు. యుద్ధ జర్నలిజం ఆటల పోటీని వర్ణించినట్టు గెలుపోటముల చుట్టూ తిరుగుతుంది. శాంతి జర్నలిజం తగాదా మూలాలు వెతుకుతుంది, ఇద్దరు కాదు ఇంకా ఎందరు ఇందులో చిక్కుకున్నారో చూస్తుంది, రాజీకి ఎవరైనా ప్రయత్నిస్తుంటే అదీ రాస్తుంది. బ్రిటిష్ పాత్రికేయులు జేక్ లించ్, అనబెల్ మెక్‌గోల్డ్రిక్ 2005లో ఒక పుస్తకం రాసి ఈ ఆలోచనను విలేకరుల రోజువారీ పనికి దగ్గర చేశారు. అందరూ ఒప్పుకోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పడమే విలేకరి పని, శాంతి నెలకొల్పడం కాదని బీబీసీ పాత్రికేయుడు డేవిడ్ లోయిన్ వాదించారు. ఆ అభ్యంతరంలో బలం లేకపోలేదు. అయితే అధికారి మాటకు మొదటి పేరాలోనూ, ఊరివాళ్ళ మాటకు చివరి పేరాలోనూ చోటివ్వడం కూడా ఒక పక్షం వహించడమే కదా అన్న ప్రశ్నకు దానిలో జవాబు దొరకదు.

స్త్రీలకు సంబంధించినంతవరకు గాల్టుంగ్ పట్టికలోనే ఒక చిక్కుంది. యుద్ధ జర్నలిజం పైవర్గపు మగవాళ్ళ గొంతుక అవుతుందని ఆయన సరిగ్గానే చెప్పారు. శాంతి జర్నలిజం స్త్రీలు, వృద్ధులు, పిల్లల వైపు చూడాలన్నారు. నోరులేనివాళ్ళకు నోరివ్వాలన్నారు. అంటే ఇక్కడా స్త్రీ బాధితురాలిగానే, పిల్లల పక్కనే నిలబడింది. ఆమెకు తగాదా గురించి ఒక అవగాహన, ఒక రాజకీయం, పరిష్కారం మీద ఒక అభిప్రాయం ఉండవచ్చన్న ఊహకు ఆ పట్టికలో చోటు తక్కువ. స్త్రీవాద పరిశోధకుల అసంతృప్తి అక్కడే. ఏడుస్తున్న తల్లి ఫొటో వేసి, కింద మంత్రిగారి విశ్లేషణ అచ్చువేస్తే స్త్రీలకు చోటిచ్చినట్టు కాదు.

తెలుగునాట దీన్ని పరిశీలించడానికి నెల్లూరు జిల్లాను మించిన చోటు లేదు. అక్కడ జరిగింది సైన్యాల యుద్ధం కాదు, 1992 నాటి సారా వ్యతిరేక ఉద్యమం. కానీ ఒక పక్క ప్రభుత్వం, పోలీసులు, సారా కంట్రాక్టర్లు, మరో పక్క కూలిపని చేసుకునే ఆడవాళ్ళు నిలబడ్డ తగాదాను పత్రికలు ఎలా రాశాయో అందులో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఆ వార్తను మొదట మోసింది పత్రిక కాదు, వాచకం. 1990 దశకం మొదట్లో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం సాగింది. రాత్రిబడుల్లో చదివిన పాఠాల్లో తాగుబోతు భర్తతో వేగలేక చనిపోయిన సీతమ్మ కథ ఒకటి. మెట్ట ప్రాంతమైన కలిగిరి మండలంలోని దూబగుంట ఆడవాళ్ళు ఆ కథ తమదేనన్నారు. రోశమ్మ వంటివారు ముందు నిలిచి ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. ఆ సంగతి తర్వాతి వాచకంలో ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠమై పక్క ఊళ్ళకు పాకింది. 1992 రెండో సగానికి ఎక్కడికక్కడ సారా ప్యాకెట్లు తగలబెట్టడం, జీపులను ఊరి పొలిమేరలోనే ఆపడం, చీపుళ్ళూ కారప్పొడీ పట్టుకుని దుకాణాల ముందు కాపుకాయడం మొదలైంది. నెల్లూరులో సారా వేలంపాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి.

అప్పుడు పత్రికలు కదిలాయి. ‘ఈనాడు’ అప్పటికే జిల్లా అనుబంధాలు నడుపుతోంది. వాటిని నింపడానికి ప్రతిరోజూ పల్లెల నుంచి కబురు కావాలి, పల్లెల్లో విలేకరులున్నారు. హైదరాబాద్ డెస్క్ దాకా ఎన్నడూ రాని ఊళ్ళ పేర్లు అచ్చుకెక్కడానికి ఆ ఏర్పాటే దారి వేసింది. ‘సారాపై సమరం’ అనే శీర్షికతో ఆ పత్రిక ప్రత్యేకంగా పేజీలు కేటాయించింది. ఒక ఊరివాళ్ళు చేసింది ఇంకో ఊరివాళ్ళు చదివి, చదవలేనివాళ్ళు చదివించుకుని తామూ కదిలారు. కాంగ్రెస్ ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టడంలో ఆ పత్రికకు సొంత ఆసక్తి కూడా ఉందన్నది నిజమే. తెలుగుదేశంతో దాని దగ్గరితనం ఎవరికీ తెలియనిది కాదు. ఉద్యమానికి మేలు జరిగిందన్నదీ అంతే నిజం.

ఇక ఆ వార్తల్లో స్త్రీలు ఎలా కనిపించారు? చాలాచోట్ల అపర కాళికలుగా, లేదంటే సంసారం నిలబెట్టుకోవడానికి తెగించిన ఇల్లాళ్ళుగా. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ పరిశోధకులు ఊళ్ళకు వెళ్ళి మాట్లాడి 1993 జనవరిలో ప్రచురించిన వ్యాసంలో వినిపించిన మాటలు వేరు. బడి లేదు, పని లేదు, తాగడానికి నీళ్ళు రావు, సారా ప్యాకెట్టు మాత్రం వేళ తప్పకుండా వస్తుందేమిటన్నది ఆ ఆడవాళ్ళ ప్రశ్న. అది మొగుడి మీద ఫిర్యాదు కాదు. సారా మీద ఏటా వందల కోట్లు రాబట్టుకునే ప్రభుత్వ ఖజానా మీద వేసిన లెక్క. సూసీ తారు, తేజస్విని నిరంజన 1994 నాటి వ్యాసంలో ఈ సంగతే విప్పి చెప్పారు. గాంధేయులు, పార్టీలు, పత్రికలు ఎవరికి కావలసిన స్త్రీని వారు ఆ ఉద్యమంలో చూసుకున్నారు గానీ, ఆ దళిత, వెనుకబడిన కులాల కూలి ఆడవాళ్ళు చేసింది రాజకీయమని ఒప్పుకోలేదన్నది వారి వాదన.

1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. ఈ తేదీలన్నీ పతాక శీర్షికలయ్యాయి. ఈలోగా అదే జిల్లాలో ఆడవాళ్ళు రోజుకో రూపాయి దాచుకుంటూ ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు కట్టారు. గొడవ లేదు, జీపులు తగలబడలేదు కాబట్టి ఆ కబురు మొదటి పేజీకి రాలేదు. తగాదా ముగిసిన తర్వాత కూడా ఊరు వదలకుండా ఉండమని శాంతి జర్నలిజం అడిగేది ఇలాంటి వాటి కోసమే.

తుపాకులు పేలిన చోట ఈ వెలితి ఇంకా పెద్దది. 1946 నుంచి 1951 దాకా నడిచిన తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీలు దళాల్లో తిరిగారు, ఉత్తరాలు చేరవేశారు, అజ్ఞాతంలో పిల్లల్ని కన్నారు, వదులుకున్నారు. పోరాటం కథ మాత్రం నాయకుల పేర్లతో, ఎదురుకాల్పుల తేదీలతో నిండిపోయింది. మూడు దశాబ్దాలు దాటాక స్త్రీల బృందమైన స్త్రీశక్తి సంఘటన సభ్యులు టేప్‌రికార్డర్లు పట్టుకుని ఆ స్త్రీల దగ్గరికి వెళ్ళారు. ఆ సంభాషణలే 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా వచ్చాయి. తుపాకి పట్టిన గర్వంతో పాటు, పోరాట విరమణ తర్వాత ఇంటికెళ్ళి మునుపటిలా ఉండమంటే కలిగిన కోపమూ అందులో ఉంది. విలేకరి అడగని ప్రశ్నలు చరిత్రకారులు అడిగేసరికి అంత కాలం పట్టింది.

విశాఖ మన్యంలోని వాకపల్లి ఉదంతం మరో రకం. 2007 ఆగస్టు 20న కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆదివాసీ స్త్రీలు చెప్పారు. పోలీసు శాఖ తోసిపుచ్చింది. మావోయిస్టులకూ పోలీసులకూ మధ్య పోరు నడుస్తున్న చోట స్త్రీ నోరు విప్పితే, ఆమె ఏం చెప్పిందన్నదాని కంటే ఆ మాట ఎవరికి లాభం అన్నదే ముందు తూకానికి వస్తుంది. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు దర్యాప్తు లోపాలను ఎత్తిచూపుతూ 13 మంది నిందితులను విడుదల చేసింది, స్త్రీలకు పరిహారం ఇప్పించాలనీ చెప్పింది. తీర్పులోని ఈ రెండు భాగాల్లో ఒకదాన్నే శీర్షిక చేస్తే పాఠకుడికి చేరేది సగం తీర్పే. ఇలాంటి కేసుల్లో బాధితుల పేర్లు, వాళ్ళను గుర్తుపట్టే వివరాలు వేయకూడదన్నది చట్టం. ఊరి పేరే గుర్తింపుగా మారినప్పుడు ఆ రక్షణ ఎంత పలచనో ఈ కేసు చూపింది.

ఆడవాళ్ళను యుద్ధరంగానికి విలేకరులుగా పంపితే సరిపోతుందా? వాళ్ళు ఎప్పుడో వెళ్ళారు. 1939లో జర్మనీ ట్యాంకులు పోలండ్ సరిహద్దున మోహరించాయన్న వార్త ఇచ్చింది క్లేర్ హాలింగ్‌వర్త్. 1965 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో ప్రభా దత్, 1999 కార్గిల్‌లో బర్ఖా దత్ సరిహద్దు నుంచి వార్తలు పంపారు. కానీ యుద్ధవార్తకు ఎవరిని అడగాలన్న అలవాటు మారనప్పుడు, వార్త పంపిన చేయి ఎవరిదైనా వార్త అదే అవుతుంది. ప్రపంచ మాధ్యమాల్లో ఎవరి మాట వినిపిస్తోందో లెక్కగట్టే గ్లోబల్ మీడియా మానిటరింగ్ ప్రాజెక్టు 1995లో చూసినప్పుడు వార్తల్లోని మనుషుల్లో స్త్రీలు 17 శాతం. 2020లో 25 శాతం. శాంతి చర్చల్లో స్త్రీలకు చోటుండాలని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2000 అక్టోబర్ 31న 1325వ తీర్మానం చేసింది. చర్చల బల్ల చుట్టూ ఎవరున్నారో లెక్కపెట్టి రాసే విలేకరి అరుదు గనక, ఎవరు లేరో పాఠకుడికి తెలియదు.

ఇలా ఎవరు లేరో చూసి రాయడం నెల్లూరు తీరంలో ఎప్పుడూ ఉండే పని. తమిళనాడు మరబోట్లు ఒడ్డుకు దగ్గరగా వచ్చి వేటాడుతున్నాయని, వలలు తెగిపోతున్నాయని మత్స్యకారుల పట్టపుపాలేల్లో తరచూ తగాదా రేగుతుంది. తీరం దగ్గరి నీళ్ళు చిన్న పడవలకు వదలాలని రాష్ట్రంలో 1994 నుంచి చట్టం ఉంది. బోట్లు పట్టుకున్న రోజున ఫొటో వస్తుంది, అధికారులతో ఊరిపెద్దలైన పెద్దకాపుల చర్చలు వస్తాయి. పడవ కదలని ఆ రోజుల్లో గంప దించి కూర్చున్న చేపలమ్మే ఆడవాళ్ళు, వలల కోసం చేసిన అప్పును వారంవారం కట్టే ఆడవాళ్ళు వార్తలోకి రారు. దక్షిణాన తమిళనాడు తీరంలో కడలూరు వైపు ఇళ్ళల్లోనూ అవే అప్పులుంటాయి. రెండు చోట్లకూ వెళ్ళి, వేట ఆగితే ఎవరి పూట గడవదో, ఏ షరతు మీద రాజీ కుదిరితే నిలుస్తుందనుకుంటున్నారో ఆ ఆడవాళ్ళను అడిగి రాస్తే వార్త రెండు కాలమ్‌లు పొడుగవుతుంది, జిల్లా పేజీలో అంత చోటుంటుంది.