మంచు వీధిలో పొరుగువారి హక్కు

హైదరాబాదు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన చికాగోలో డిసెంబరు 1 నుండి ఏప్రిల్ 1 వరకు కొన్ని ప్రధాన రహదారులపై తెల్లవారుజామున 3 నుండి 7 గంటల వరకు కార్లు నిలపరాదు. మంచు కురవకపోయినా సరే. మంచును తొలగించే బండికి ఒక్క కారు అడ్డుపడినా అంబులెన్సుకు దారి ఇరుకవుతుంది.

చిన్న వీధులలో వివాదం వేరు. పారతో మంచు తవ్వి చోటు చేసుకొన్నవారు అక్కడ పాత కుర్చీ వేసి వెళ్తారు. దీనినే ‘డిబ్స్’ అంటారు. వీధి అందరిదీ కనుక కుర్చీతో హక్కు సిద్ధించదని మేము భావిస్తాము. అయితే వృద్ధుడైన పొరుగువాడు గంటసేపు శ్రమించి తవ్విన చోటును, ఆయన మందులకు వెళ్లినప్పుడు ఆక్రమించడమూ న్యాయం కాదు. జుమా నమాజుకు ఆలస్యమవుతోందన్నది అందుకు సాకు కాజాలదు. చలి మాట నిజమే, కాని రెండు వీధుల అవతల నిలిపి నడిచి రావచ్చు. మన కారు చుట్టూ తవ్విన మంచును పక్కవారి కారు వైపు విసరరాదు.