బండి మెదడు మార్చాల్సి వస్తే



వానాకాలంలో నల్లరేగడి దారుల్లో మామూలు బండ్లు దిగబడతాయనే మన సొసైటీ ఫోర్‌వీల్ డ్రైవ్ బండి తీసుకుంది. ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల రోగులను నంద్యాల పెద్దాసుపత్రికి చేర్చేది అదే. మొన్నటి వానలకు అది ఆళ్లగడ్డలోనే ఆగిపోయింది. చూసిన మెకానిక్ "ఈసీఎం పోయింది, మార్చాలి" అన్నాడు. పెట్టాల్సిన సొమ్ము మీ అమానత్. అందుకే ముందు విషయం తెలుసుకున్నాము. తెలిసింది మీకూ చెబుతున్నాము.

ఈసీఎం అంటే ఇంజను మెదడు. ఇంజను వేడి, గాలి, వేగం ఎంతో సెన్సర్లు దీనికి తెలుపుతాయి. ఏ ఇంజెక్టరు ఎప్పుడు ఎంత డీజిల్ వదలాలో ఇది లెక్కగడుతుంది.

బండి కదలనంత మాత్రాన తప్పు దీనిదే కాదు. ముందు బ్యాటరీ, ఫ్యూజులు, రిలేలు, ఎర్తు తీగ, కనెక్టరు పిన్నులు చూడాలి. స్కానరు చూపే కోడు అనుమానమే గాని తీర్పు కాదు. మార్కులు రాని పిల్లవాణ్ణి మొద్దు అనే ముందు, వాడికి బోర్డు మీది అక్షరాలు కనబడుతున్నాయో లేదో బడిలో మేము చూడమూ? ఇదీ అంతే.

నంద్యాలలో అవన్నీ పరీక్ష చేయించాము. అన్నీ బాగున్నాయి. చివరకు ఈసీఎం డబ్బా విప్పితే లోపల నీరు చేరి, పచ్చని చిలుము పట్టి ఉంది.

కొత్తది బిగించడం చిన్న పనే. బ్యాటరీ తీగ విప్పాలి, పాతది తీసి కొత్తది పెట్టాలి. అసలు పని ఆ తరువాతే. ఆ బండి ఛాసిస్ నంబరు, ఇంజనుకు తగిన ప్రోగ్రాము, ఇంజెక్టర్ల కోడ్లు కంప్యూటరుతో ఎక్కించాలి. తాళంచెవిలోని చిప్పును కూడా పరిచయం చేయాలి, లేకుంటే దొంగతాళం అనుకుని ఇంజనును స్టార్టు కానివ్వదు. చాలా బండ్లలో ఫోర్‌వీల్‌కు వేరే మాడ్యూలు ఉంటుంది. రెండింటికీ మాట కలవకపోతే ఫోర్‌వీల్ పడదు. అందుకే పాత సామాన్ల అంగడిలో చవకగా దొరికిన డబ్బాను నమ్మలేదు.

బండి లేని ఆ రోజుల్లో ఒక నిండు గర్భిణి ఆటోలో నంద్యాలకు రావలసి వచ్చింది. అల్లాహ్ దయవల్ల తల్లీబిడ్డలు క్షేమం. ఇకమీద బండి కడిగేటప్పుడు ఇంజను మీద ప్రెషరు నీళ్లు కొట్టవద్దని డ్రైవరుకు చెప్పాము.

బిల్లు, పరీక్ష రిపోర్టు, పాత డబ్బా ఆఫీసు బీరువాలో ఉన్నాయి. ఏ దాత అయినా వచ్చి చూడవచ్చు.